ఈశ్వరి చెవి ఒగ్గిన ఏడుపు

చింతపండు కొట్టే కాలంలో ఆ ఊరి గాలి కూడా పుల్లగా ఉంటుంది. తనకల్లు దాటి, బండరాళ్ల గుట్టల మధ్యకు పోయే మట్టిదారి పక్కన ఒక రేకుల కొట్టం. దాని కింద ఇరవై మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని పొద్దస్తమానం కాయలు కొడుతుంటారు. రాతి పలక మీద కాయ, కాయ మీద చిన్న ఇనుప సుత్తి. పెంకు ఒక పక్కకు, పీచు ఒక పక్కకు, గింజ ఒక పక్కకు. దూరం నుంచి ఆ చప్పుడు వింటే రేకుల మీద వాన మొదలైందేమో అనిపిస్తుంది. ఆ నేల మీద వాన అనిపించేవి చాలా ఉన్నాయి. వానే తక్కువ.

కొట్టంలో స్తంభం పక్క చోటు ఈశ్వరిది. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన నాలుగేళ్లుగా అదే చోటు. పదో తరగతి దాకా చదివిన మనిషి, ఇరవై నాలుగేళ్లు, చేతిలో మంచి వేగం. ఆమె సుత్తి కింద కాయ రెండు దెబ్బలకే నోరు విప్పేది. అలాంటి ఈశ్వరి ఈసారి మాఘమాసం వచ్చేసరికి కూర్చోలేకపోయింది.

ఐదో నెల. కడుపు వల్లే అనుకున్నారు అందరూ.

"ఏం మే ఈశ్వరీ, మహారాణికి కుర్చీ తెప్పించల్లనా?" అంది పక్కన కూర్చునే నల్లమ్మ. కొట్టమంతా నవ్వింది.

"తెప్పియ్యి నల్లక్కా. దాని మీద కూర్చొని నీకు కూడా పని చెప్తా," అంటూ ఈశ్వరీ నవ్వింది. నవ్వి, బరువును ఒక తొడ మీదికి మార్చుకుంది. కాసేపటికి రెండో తొడ మీదికి.

కారణం కడుపు కాదు. మూడో నెలలో స్నానం చేస్తుంటే చేతికి ఏదో తగిలింది. పులిపిరి. గోరంత ఉంది. వేలి మీదో మెడ మీదో వస్తే ఎవరూ రెండోసారి చూడరు. ఇది వచ్చిన చోటు వేరు. కడుపు పెరిగేకొద్దీ అదీ పెరిగింది. ఒకటి నాలుగైంది. నాలుగూ ఒకచోట చేరి కోడిపుంజు జుట్టులా అయ్యాయి. నొప్పి తక్కువే. దురద ఎక్కువ. దురద కంటే బరువుగా ఒక ప్రశ్న ఆమెతో పాటు లేచి, ఆమెతో పాటు కాయలు కొట్టి, ఆమెతో పాటు పడుకునేది. బిడ్డ వచ్చే దారి అదే కదా. ఆ దారిలో వచ్చే బిడ్డకు ఇది అంటుకుంటుందా?

అంతే ప్రశ్న. పలకటానికి ఒక్క ఊపిరి చాలు. అడగటానికి ఆమెకు నెలలు పట్టింది. జవాబు రావటానికి ఇంకా ఎక్కువ పట్టింది.

మొదట ఆశా కార్యకర్త హేమలతను అడగబోయింది. అంగన్‌వాడీ ముందు, గర్భిణులకు బరువు చూసే రోజు. తూకం మీద ఒకరు, వెనక వరసలో పది మంది, కొంగుల నీడలో పిల్లలు.

"అక్కా, నాకు కింద పక్క ఏదో వచ్చింది," అంది ఈశ్వరి, గొంతు తగ్గించి.

"మంటనా?"

"మంట కాదు. ఏదో..."

"వేడి చేసింటాది. మజ్జిగ తాగు, సబ్జా గింజలు ఏసుకో. ఐరన్ మాత్రలు మింగుతాండావా లేదా?"

"మింగుతాండా. అది కాదక్కా..."

"మళ్లా చెప్దువుగానీ. వెనక జనం ఉండారు, కనపడల్యా?"

హేమలత చెడ్డ మనిషి కాదు. పురుడు వస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తే మనిషి. కానీ ఆమె చేతిలో పుస్తకానికి గళ్లు ఉన్నాయి: బరువు, రక్తం, బీపీ, మాత్రలు. ఈశ్వరి మాటకు ఆ పుస్తకంలో గడి లేదు. కదిరిలో స్కానింగ్ తీసినప్పుడూ అంతే. తెరమీద బూడిదరంగు మబ్బులో బిడ్డ చేయి ఆడింది. "బాగుంది, పో," అన్నారు. బిడ్డ బాగుంది. బిడ్డ వచ్చే దారి సంగతి ఆ తెరమీద ఎవరూ చూడలేదు.

ఇక మిగిలింది ఇల్లు. ఇంట్లో, అత్త మారెక్క అటక మీద పెట్టే తగరపు డబ్బా.

మారెక్క గురించి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. నలభై గొర్రెలు, ఒక కర్ర, మోకాళ్ల దాకా దుమ్ము. వాటితో పాటు ఆమెకు ఇంకో విద్య ఉంది. ఆ డబ్బాలో నల్ల జీడిగింజలుంటాయి. చాకలివాళ్లు బట్టల మీద, గొర్రెలవాళ్లు గొర్రె చెవి మీద చెరగని గుర్తు పెట్టేది వాటి రసంతోనే. మారెక్క ఆ గింజను సూదికి గుచ్చి దీపం మీద కాచి, ఊరిన నల్లటి బొట్టును పులిపిరి మీద అంటిస్తుంది. వారానికి పులిపిరి ఎండి రాలిపోతుంది. నల్లమాడ నుంచి కూడా మనుషులొస్తారు. పెళ్లికి ముందు మెడ మీద పులిపిరి పోగొట్టుకున్న ఆడపిల్లలు ఎందరో. మారెక్క ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. ఒక టెంకాయ కొట్టి పొమ్మంటుంది.

ఈశ్వరి ఆ పనిని వందసార్లు చూసింది. చూడటానికి ఏముంది, సూది, దీపం, బొట్టు.

మారెక్క గొర్రెలను తోలుకుపోయిన ఒక మధ్యాహ్నం ఆమె తలుపు వేసి డబ్బా దించింది. ఇంటి మీద ఎండ ఇనుములా కూర్చుని ఉంది. పొయ్యి మంట మీద గింజ చిటపటలాడింది. చేతి అద్దం గోడకు ఆనించి, పళ్లు బిగించి, ఆ నల్లటి బొట్టును అంటించుకుంది.

మొదట ఏమీ లేదు. తర్వాత నిప్పు. నీళ్లతొట్టి దగ్గరకు పరుగెత్తి చెంబుల కొద్దీ కుమ్మరించుకుంది. నీళ్లతో ఆ రసం ఇంకా పాకింది. సాయంత్రానికి తొడల దాకా బొబ్బలు. అయినా రెండు రోజులు నోరు విప్పలేదు. కొట్టానికి పోకుండా, జ్వరమని చెప్పి గోడ వైపు తిరిగి పడుకుంది.

మూడో రోజు పొద్దున చెంబు పట్టుకుని వాకిలి దాటుతుంటే మారెక్క గడ్డి మోపు దించి నిలబడిపోయింది. నలభై గొర్రెల్లో ఏది ఏ కాలు ఎత్తి వేస్తోందో చూసే కళ్లు అవి.

"నిలబడు మే," అంది. "నాలుగడుగులు నడువు. ఊఁ. జ్వరమొచ్చినోళ్లు అట్ల నడవరు. యాడ తగిలింది?"

"ఏం లేదత్తా."

మారెక్క లోపలికి పోయి డబ్బా తెచ్చింది. మూత తీసి చూపించింది. పైనే ఉంది, సూది గుచ్చిన గింజ.

ఈశ్వరి అక్కడే, వాకిట్లోనే ఏడ్చేసింది. ఏడుస్తూనే చెప్పింది. మారెక్క ఆమె చేయి పట్టి లోపలికి లాక్కుపోయి, చూసింది. చూసి, అరిచిన అరుపుకు దొడ్లో గొర్రెలు కదిలాయి.

"సూడి గొర్రెకే పెట్టను నేను! కడుపుతో ఉండే గొర్రెకే ఈ గింజ చూపియ్యను. నా ఇంట్లో ఉండి నువ్వు పెట్టుకుంటివా? చుట్టూ ఆముదం పూస్తా కదా, ఎప్పుడూ చూల్లేదా? రసం పాకకుండా ఉండల్లంటే ఆముదమే కదా కట్ట! మండలంలో సగం మంది పులిపిర్లు నా చేతి కింద పోయినాయి. నా కోడలికి నన్ను ఒక మాట అడిగేదానికి నోరు రాలే!"

"ఎట్ల అడగల్ల అత్తా? యాడ వచ్చిందని చెప్పల్ల?"

మారెక్క టెంకాయ నూనె తెచ్చి, పాత పంచె చింపి, ఈకతో పూసింది. చేతులు మెత్తగానే ఉన్నాయి. కానీ కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది. "అయితే ఇది నీకు యాడినుంచి వచ్చింది మే?"

ఈశ్వరికి ఒళ్లంతా బొబ్బలైనట్టు అయింది. నెలల తరబడి తాను మోసిన ప్రశ్న ఒకటి, లోకం తనను అడిగే ప్రశ్న ఇంకొకటి. బిడ్డకు ఏమవుతుందని ఎవరూ అడగరు. ఎక్కడ నుంచి వచ్చిందని మాత్రం కన్నతల్లి అయినా అడుగుతుంది.

"నీ కొడుకును అడుగు," అంది గోడ వైపు తిరిగి.

మరునాడు కదిరి బస్సు ఎక్కారు. బస్టాండు వెనక సందులో ఒక చిన్న ప్రైవేటు క్లినిక్. అక్కడి డాక్టరు దూరం నుంచే చూశాడు. నర్సు రెండు వేళ్లతో గుడ్డ ఎత్తి, రెండు వేళ్లతోనే దించింది.

"ఆపరేషనే. మామూలు కాన్పు అయితే బిడ్డ గొంతులోకి పోతుంది ఇది. తేదీ ఇప్పుడే రాసుకుందాం."

"కచ్చితంగా పోతాదా సార్?"

"పోదని నేను రాసియ్యాలా?" అన్నాడు డాక్టరు. "మీ ఆయన్ను తీసుకురా. అతనికీ చూడాలి."

బిడ్డ గొంతు. ఆ మాట ఈశ్వరి చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. బస్సులో కిటికీ బయట బీడు నేలలు, ఎర్రమట్టి, ఎండిన పిల్లవాగులు వెనక్కు పోతుంటే ఆమెకు ప్రతి గుట్టా నోరు తెరిచి అరవలేని ఒక బిడ్డలాగే కనిపించింది.

భర్త తిప్పేష్ టమోటాల బొలెరో నడుపుతాడు. మదనపల్లె మార్కెట్టు, అక్కడ నుంచి చెన్నై. నెలలో ఇరవై రోజులు దారిలోనే ఉంటాడు. ఫోన్ చేసింది.

"నాకేమీ లేదే. నేను బాగుండా," అన్నాడు.

"నిన్ను ఏమన్నా అన్నానా? డాక్టరు చూస్తాడంట, రమ్మన్నాడు."

"నీకొచ్చిందానికి నన్ను చూసేదేంది? ఈ వారం లోడు ఉండాది."

మారెక్క ఫోన్ లాక్కుంది. "రేయ్ తిప్పేషా, టమోటా కుళ్లితే రోడ్డు పక్కన పోసి వస్తావు. ఇది నీ బిడ్డ రా, యాడ పోస్తావు?"

అవతల ఇంజిన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత అదీ లేదు.

ఆ కోపమంతా మారెక్క హేమలత ఇంటి ముందు దించింది. ఊరు వినేట్టు కాదు, తలుపు దగ్గరకు వేసి, పళ్ల మధ్య నుంచి. హేమలత ఈశ్వరి వైపు తిరిగింది.

"ఆ రోజే చెప్పింటే నేనే తోడుకొని పోయేదాన్ని కదమ్మా."

"చెప్పినా అక్కా. మజ్జిగ తాగమంటివి," అంది ఈశ్వరి.

హేమలత పుస్తకం సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది. ముగ్గురూ మళ్లీ అదే బస్సు. ఈసారి ప్రభుత్వ ఆసుపత్రి. కాన్పుల డాక్టరు పేరు నాజ్‌నీన్. ఈశ్వరి వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు చేతి తొడుగులు వేసుకుని, లైటు దగ్గరకు లాక్కుని, నిదానంగా చూసింది. నెలల్లో మొదటిసారి ఎవరో తిన్నగా చూశారు.

"ఈ కాలిన గాయాలేంటి?"

"జీడి," అంది మారెక్క. "నా గింజే మేడమ్. నా చేయి కాదు."

నాజ్‌నీన్‌కు నవ్వు రాబోయి ఆగింది. "ఇంకెప్పుడూ వద్దు. ఇవి మానినాక ఇక్కడే మందు అంటిస్తా. వారానికొకసారి రావాలి. కడుపుతో ఉన్నప్పుడు వాడకూడని మందులున్నాయి, ఇది వాడొచ్చు." చీటీ మీద ఇంగ్లీషులో మూడక్షరాలు రాసింది. "దీని పేరు హెచ్‌పీవీ. ఒక వైరస్. చాలామందికి వస్తుంది, చాలామందిలో తెలియకుండానే పోతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో మార్పులకు ఈ పులిపిర్లు పెరుగుతాయి. కాన్పయ్యాక చాలావరకు తగ్గుతాయి."

ఈశ్వరికి అవేమీ అవసరం లేదు. "బిడ్డకు అంటుతాదా మేడమ్?"

"నూటికి తొంభై తొమ్మిది మందికి ఏమీ కాదు."

"మిగిలిన ఒకరికి?"

నాజ్‌నీన్ ఆమె వైపు చూసింది. "ఎక్కడో అరుదుగా బిడ్డ గొంతులో ఇలాంటివి పెరుగుతాయి. గొంతు బొంగురుపోతుంది, ఊపిరి తీస్తుంటే ఈల చప్పుడు వస్తుంది. వచ్చినా వైద్యం ఉంది."

"ఆపరేషన్ చేస్తే రాదు కదా?"

"అది చేసినా రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. దారికి అడ్డం పడేంత పెరిగితేనో, రక్తం పోయేట్టుంటేనో చేస్తాం. నీకు ఆ అవసరం వస్తుందని నేను అనుకోను."

"ఎప్పటికి తెలుస్తాది, బిడ్డకు వచ్చిందీ రానిదీ?"

"అయిదేళ్లు వచ్చేదాకా గొంతు కనిపెట్టుకుని ఉండు."

ఈశ్వరికి అరవాలనిపించింది. నెలల తరబడి తిరిగి, కాలి, ఏడ్చి, చివరికి ఈ జవాబు. అవుననీ కాదు, కాదనీ కాదు. అయిదేళ్లు.

మారెక్క తన ప్రశ్న దాచుకోలేదు. "ఇది యాడినుంచి వచ్చింటాది మేడమ్?"

"చెప్పలేం పెద్దమ్మా. ఇది ఒంట్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఎవరికి ముందు, ఎవరికి వెనక అని లెక్క తేలదు. ఈ పిల్లను అడగొద్దు. నీ కొడుకును మాత్రం చూపించుకోమని చెప్పు. కాన్పయ్యాక ఈమెకు గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయాలి, మర్చిపోవద్దు."

బయటకు వచ్చాక మారెక్క బస్టాండులో చెరుకురసం తెచ్చి కోడలి చేతికిచ్చింది. "తాగు," అంది. క్షమాపణ అంతవరకే.

తర్వాత వారం వారం కదిరి. మందు అంటించిన చోట తెల్లగా మారి, మండి, రాలేది. ఒకటి పోతే ఇంకొకటి మొలిచేది. కొట్టంలో నల్లమ్మ అడిగేది, "ఏం మే, కదిరిలో ఇల్లు కొన్నావా ఏంది?" ఈశ్వరికి నవ్వే ఓపిక పోయింది. తిప్పేష్ ఒకసారి వచ్చాడు. ఆసుపత్రి గేటు దాకా బైకు మీద దించాడు. లోపలికి రాలేదు. ఆమె తిరిగి వచ్చేదాకా ఎండలో అద్దం తుడుచుకుంటూ నిలబడ్డాడు. దారిలో ఒక్క మాట. "నేనేం తప్పు చేయలేదే."

"చేసినావని ఎవరన్నారు? లోపలికి రమ్మన్నారు," అంది ఈశ్వరి. అతని వీపు ఆ మాట విన్నదో లేదో.

జూన్‌లో, ఒక చిన్న జల్లు కురిసి ఆగిన పొద్దున, మామూలు కాన్పే అయింది. ఆడపిల్ల. బిడ్డ బయటపడిన క్షణంలో ఈశ్వరి ఆడా మగా అని అడగలేదు. ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గింది. ఏడుపు వచ్చింది. సన్నగా, పదునుగా, కొత్త సుత్తి రాతి మీద పడినట్టు. ఆమె అప్పుడు కళ్లు మూసుకుంది.

"ఆడపిల్లకు తొమ్మిదేళ్లు దాటాక దీనికి ఒక టీకా ఉంది. గుర్తుపెట్టుకో," అంది నాజ్‌నీన్. ఈశ్వరి గుర్తుపెట్టుకుంది. అయిదేళ్లు ఒకటి, తొమ్మిదేళ్లు ఒకటి. ఆమె జీవితంలో ఇప్పుడు రెండు దూరాలు.

పాపకు చౌడేశ్వరి అని పేరు పెట్టారు. ఆ ఇంట్లో కొత్త గొడవ మొదలైంది. పాప ఏడిస్తే ఊరంతా ఊరుకోబెట్టే తల్లులే. ఈశ్వరి ఒక్కతే ఏడ్వనిచ్చేది. ఉయ్యాల పక్కన నిలబడి, కళ్లు సగం మూసి, ఆ ఏడుపు అంచులు తడిమేది. నిన్నటిలా ఉందా? చివర గరుకు ఉందా? పాలు ఇవ్వటానికి చేతులు లాగుతున్నా నాలుగు ఊపిర్లు ఆగేది.

"రాయి మే నువ్వు!" అనేది మారెక్క, పాపను లాక్కుని. "పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తాంటే నిలబడి చూస్తావు!"

"చూసేది లేదత్తా. వింటాండా."

"ఏం వినేది, కచేరీనా?"

ఈశ్వరికి చెప్పే ఓపిక ఉండేది కాదు. డాక్టరు చెప్పినప్పుడు అత్త పక్కనే ఉంది. విన్నది. తనకు కావలసిందే విన్నది.

వేరుశనగ పెరికే రోజుల్లో, నాలుగో నెలలో పాప గొంతు ఒక పొద్దున బొంగురుపోయింది. ఉయ్యాలలో నుంచి వచ్చింది తన బిడ్డ ఏడుపు కాదు. చింతపెంకులు తొక్కినట్టు ఏదో గరగర. ఈశ్వరి చేతిలో చెనక్కాయ కట్ట అక్కడే పడిపోయింది. మారెక్క గొర్రెల దొడ్డి తలుపు వేసేసి, కర్ర గోడకు ఆనించి, ఆమె కంటే ముందు రోడ్డు మీదికి నడిచింది.

బస్సులో అత్త పాప ఛాతీ మీద చెవి పెట్టి కూర్చుంది. గొర్రెపిల్ల ఊపిరి వినే తీరు అది. "ఈల లేదు," అంది కాసేపటికి. మళ్లీ విన్నది. "లేదు మే. ఈల లేదు." ఈశ్వరి ఆమె వైపు చూసింది. ఈల మాట కూడా విన్నదన్నమాట ఆ రోజు.

ఆసుపత్రిలో ముక్కు, గొంతు చూసి జలుబన్నారు. చుక్కల మందు ఇచ్చారు. వారంలో గొంతు సర్దుకోకపోతే మళ్లీ తీసుకురమ్మన్నారు. ఈశ్వరికి సంతోషం కంటే అలసట వచ్చింది. జలుబు. ఈసారికి జలుబు. ఇలాంటి పొద్దునలు ఇంకా ఎన్నో. తన పరీక్ష కూడా అదే రోజు చేయించుకుంది. ఫలితం వచ్చే నెలట.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. కుటాగుళ్ల ఊరు దాటేసరికి పాప నిద్ర లేచి గుక్కపట్టింది. ముందు సీటులో పెద్దమనిషి వెనక్కి తిరిగాడు.

"ఏమ్మా, బిడ్డ ఏడుస్తాంటే పాలియ్యకుండా అట్ల కూర్చుంటివే? చెవులు పోతాండాయి."

ఈశ్వరి కొంగు సర్దుకోబోయింది. మారెక్క ఆమె చేయి మీద చేయి వేసి ఆపింది.

"రోంతసేపు ఏడ్వనియ్యి అన్నా," అంది, తల పాప మీదికి వంచి. "మేము వింటాండాం."